యుద్ధశాస్త్రమున ఇంద్రియజయము

యుద్ధతంత్రమును బోధించు ప్రాచీనగ్రంథములను ధర్మజిజ్ఞాసువైనవాడు ఏల చదువవలయును? రథములు పోయినవి, గజబలములు పోయినవి, కోటల చుట్టు త్రవ్విన అగడ్తలు పూడిపోయినవి. మిగిలినవి వంచనయు, గూఢచారులును, విషప్రయోగములును మాత్రమే గదా యని సాత్త్వికులు కొందరు కౌటిలీయమును దూరముననే యుంచుదురు. ఆ యభ్యంతరము తేలికైనది కాదు. 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చేరిన తాటాకుల ప్రతినుండి శామశాస్త్రిగారు వెలికిదీసి 1909లో అచ్చువేయించిన అర్థశాస్త్రమున, శత్రువును నిద్రలో కొట్టుటకును, వాని పక్షమున భేదము పుట్టించుటకును, దేవతావిగ్రహములను అడ్డుపెట్టుకొని జనులను భ్రమింపజేయుటకును ఉపాయములు దాపరికము లేక చెప్పబడియున్నవి. వానిని కప్పిపుచ్చి కౌటిల్యుని ఋషిని చేయబూనుట మనకు తగదు.

అయినను ఆ గ్రంథము మొదలగు తీరు గమనింపదగినది. పదునైదధికరణముల ఆ శాస్త్రమున వ్యూహరచన పదియవ యధికరణమునగాని రాదు. ఇంద్రియజయము మొదటిదానియందే, విద్యల ప్రసంగమును వృద్ధసేవయు ముగిసిన వెంటనే వచ్చును. అరిషడ్వర్గమునకు లోబడి చెడిన రాజుల నచ్చట వరుసగా పేర్కొనుచు, రావణుని కామమునకు గాక మానమునకు ఉదాహరణముగ నిలిపినాడు; పాలు పంచి యీయని దుర్యోధనునికిని లోభమును గాక అదే దోషమును అంటగట్టినాడు. ఇది సూక్ష్మమైన చూపు. సీతను తిరిగి యిచ్చుట రావణునికి కష్టమైనది ఆమెపై మోహము చేతకంటె, ఇచ్చినచో లోకమేమనునో యను శంక చేత ననియే నేను దీనిని గ్రహించుచున్నాను. తప్పని తెలిసియు యుద్ధమును మానలేని పాలకులందరి రోగము ఇదియే గదా!

షాడ్గుణ్యప్రకరణమున, సంధివలనను విగ్రహమువలనను ఒకే ఫలము సిద్ధించునప్పుడు సంధియే మేలని చెప్పి, జనక్షయము, ధనవ్యయము, పరదేశవాసము మొదలగువానిని అందులకు హేతువులుగ చూపినాడు. ఇచ్చట కరుణ యను మాటయే లేదు, ఉన్నది లెక్క. లెక్కవలన ఒరలోనే నిలిచిన కత్తికి పుణ్యమున్నదా యని వేదాంతి యడుగవచ్చును. బ్రదికిపోయినవాడు ఆ ప్రశ్న వేయడు. కాని లెక్క తారుమారైన నాడు ఆ కత్తి యేమగును?

మన భారతమునందలి సౌప్తికపర్వము ఈ ప్రశ్ననే మోసికొని నిలిచియున్నది. మఱ్ఱిక్రింద నిద్రపట్టక కూర్చుండిన అశ్వత్థామ, కొమ్మలపై నిద్రించు కాకులను గుడ్లగూబ యొకటి చంపుచుండగా చూచి, ఉపాయము దొరకెననుకొని, కృపాచార్యుడు వలదని వారించినను వినక, పాండవశిబిరముపై బడి ధృష్టద్యుమ్నుని, ద్రౌపదేయులను వధించెను. నిద్రించువానిని చంపుటకు శాస్త్రమక్కరలేదు, గుడ్లగూబ చాలును. ఆశ్చర్యమేమనగా, గ్రంథారంభమున విష్ణుగుప్తునికి, అనగా కౌటిల్యునికే, మ్రొక్కిన కామందకుడు తన నీతిసారమున కూటయుద్ధము ధర్మహాని కాదనుటకు ఈ ద్రోణపుత్రుని రాత్రినే ప్రమాణముగ చూపుచున్నాడు! గురువు తూనికలోనే తూచినచో ఆ రాత్రి యేమి మిగిల్చినది? కౌరవపక్షమున శేషించినవారు ముగ్గురు. రాజ్యమేలవలసిన దొర తొడలు విరిగి కొనయూపిరితో నున్నాడు. గెలిచి యిచ్చుటకు గ్రహీతయే లేడు. క్రోధమును కామముకంటె ఘోరవ్యసనముగ కౌటిల్యుడు ఎనిమిదవ యధికరణమున నిర్ణయించియుండగా, శిష్యుడు ఉపాయమును గైకొని మొదటి పాఠమును విడిచినాడు. వ్యాసుడు మాత్రము తెల్లవారిన తరువాతి కథను చెప్పక మానలేదు: శిరోమణిని కోల్పోయి 3,000 ఏండ్లు ఏకాకియై తిరుగుమను శాపము.

తెల్లవారిన తరువాతి కథ చరిత్రయందును కలదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై చంద్రగుప్తుని మనుమడగు అశోకుని పదమూడవ శాసనము నేటికిని చదువవచ్చును. కళింగమున లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు విజేతయే చెప్పుకొని వగచుచున్నాడు. అదే శాసనమున అటవికులకు, పశ్చాత్తప్తుడనైనను నాకు బలము కలదు సుమా యని హెచ్చరికయు చేయుచున్నాడు. ఇంతకంటె విశేషము, కళింగమునందలి ధౌళి, జౌగడలలో ఆ శాసనము చెక్కబడలేదు. దానికి మారుగ, ప్రజలెల్లరు నా బిడ్డలని యధికారులకు తెలుపు వేరు శాసనములు అచ్చట నున్నవి. బిడ్డలను పోగొట్టుకొన్నవారి యెదుట ఆ సంఖ్యలను చదివింపకుండుట దయ యని కొందరందురు. గెలిచిన దేశమును శాంతపరచు లబ్ధప్రశమననీతి యని మఱికొందరందురు. ఆ మౌనమున రెండును కలిసియే యున్నవని నా తలంపు. అందువలన దాని విలువ తగ్గినదని మాత్రము నేననను.