కూర్చుని చేసినా నమాజే

మన ఉద్దానాన్ని కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయింది, మంచిదే. కాని గంటల తరబడి డయాలసిస్ చేయించుకుని కాశీబుగ్గలో ఇల్లు చేరిన మనిషికి లేచి నిలబడడమే గగనం. నమాజు సరిగా చేయలేకపోతున్నామే, రోజాలు పోయాయే అని అలాంటివారు కుమిలిపోతుంటారు.

మూలవ్యాధితో బాధపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు (బుఖారీ). కోలుకునే ఆశ లేని రోగి ఒక్కో రోజాకు ఒక పేదకు అన్నం పెడితే సరిపోతుంది.

బాధను మొరపెట్టుకుంటే సబ్ర్ పోతుందనుకుంటారు కొందరు. అయ్యూబ్ (అలైహి) అల్లాహ్‌కు మొరపెట్టుకోలేదా? అయినా ఖుర్ఆన్ ఆయనను సహనశీలి అనే కొనియాడింది. సైగతో సజ్దా చేసేవారిని ఇంట్లో మనం వింతగా చూడరాదు. వుజూ నీళ్లు మంచం దగ్గరకే తెచ్చి ఇద్దాం.