మఱ్ఱివిత్తులోని పాఠము

శృంగవరపుకోటకు సమీపమున, తూర్పుకనుమల యొడిలో పుణ్యగిరి కలదు. ఉమాకోటిలింగేశ్వరస్వామి కొలువైయున్న ఆ కొండకు మహాశివరాత్రినాడు తల్లిదండ్రులు బిడ్డలను చంక నెత్తికొనియు, చేయిపట్టి నడిపించుకొనియు వత్తురు. దారిలో బిడ్డ ప్రశ్న వెంట ప్రశ్న వేయుచుండును. ఈ నీరెక్కడినుండి వచ్చుచున్నది? వాన లేని దినములలో గూడ ఏల పాఱుచున్నది? ఈ రాయి ఏల యింత నునుపుగా నున్నది? దర్శనమునకు వేగిరపడుచున్న తండ్రి, మాటాడక నడువుమని కసరును. ఇంటికి మరలిన పిదప ఆ తండ్రియే పుస్తకము తెఱచి, నదుల పుట్టుకను గూర్చిన పాఠమును వల్లెవేయుమని గద్దించును. ప్రశ్న పుట్టిన తావున సమాధానము దొరకలేదు. సమాధానమున్న తావున ప్రశ్న మిగులలేదు. పెద్దలు తెలియక బాలుర బుద్ధికి చేయు అపచారము ఇట్టిది.

బుద్ధి కుండవలె నింపవలసినదా, దీపమువలె వెలిగింపవలసినదా? బిడ్డకు మాటలప్పగించినంత మాత్రమున పెద్దల ఋణము తీఱునా? ఇది బడిపంతుళ్ళు మాత్రమే విచారింపవలసిన విషయము గాదు. సంతానముగల ప్రతి గృహస్థునకును ఇది ధర్మప్రశ్న.

ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతువు చరిత్రము ఈ ప్రశ్నకు దారి చూపుచున్నది. అతడు పండ్రెండవ యేట గురుకులమునకేగి, ఇరువదినాలుగవ యేట సర్వవేదములు చదివి, గర్వముతో ఇల్లు చేరెను. తండ్రియైన ఉద్దాలకుడు కుమారుని చదువును నిందింపలేదు. దానికి లోపించినదేదో గుర్తించెను. మఱ్ఱిపండు తెప్పించి చీల్పుమనెను. లోపలి విత్తును చీల్పుమనెను. ఏమి కనబడుచున్నదని యడిగెను. ఏమియు లేదని కుమారుడు పలికిన పిమ్మటనే, ఆ కనబడని సూక్ష్మమునుండియే యింతటి వృక్షము నిలిచియున్నదని బోధించెను. మఱియొకమాఱు నీటిలో ఉప్పు వేయించి, మఱునాడు దానిని వెదకి తెమ్మనెను. కంటికి కనబడలేదు. పైన, నడుమ, అడుగున రుచి చూపించెను, అంతటను ఉప్పే. పండ్రెండేండ్ల అధ్యయనము చేరని చోటికి ఒక విత్తు, ఒక ఉప్పుగడ్డ చేర్చినవి. తండ్రి సమాధానమును ముందుగా చెప్పియుండినచో అది కుమారునకు మఱియొక వాక్యమగును. చేతితో చీల్చి, నాలుకతో చవిచూచినందున జ్ఞానమైనది.

ఆ చరిత్రముననే మఱియొక ఘట్టమున్నది. తండ్రి యాజ్ఞచే శ్వేతకేతువు పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగెను. పిదప ఋక్కులు చెప్పుమనగా ఒక్కటియు స్ఫురింపలేదు. భుజించి వచ్చినంతనే అన్నియు స్ఫురించినవి. మనస్సు అన్నమయమని ఇట్లు అనుభవముననే తేటపడినది. ఆకలిగొన్న బిడ్డకు చెప్పు పాఠము ఇసుకలో పోసిన నీరు. బడులలో వండిన భోజనము పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించుట ఉద్దాలకుని పాఠమునకు దూరమైనది గాదు.

శిశువు మాట నెట్లు నేర్చునో మీమాంసకులును నైయాయికులును లెస్సగా పరిశీలించిరి. పెద్దవాడొకడు "ఆవును తెమ్ము" అనును. వినినవాడు ఆవును తెచ్చును. ప్రక్కనున్న బాలుడు చూచుచుండును. పిదప "ఆవును కట్టుము", "గుఱ్ఱమును తెమ్ము" అను మాటలు వినును; పనులు మాఱుట చూచును. ఏ మాట మాఱినపుడు ఏ పని మాఱెనో, ఏ మాట నిలిచినపుడు ఏ వస్తువు నిలిచెనో పోల్చుకొని, "ఆవు" అనగా నిది, "తెమ్ము" అనగా నిది యని తానే నిర్ణయించును. దీనినే వృద్ధవ్యవహారమనిరి. నిఘంటువు చేతికి రాకమునుపే బాలుడు తార్కికుడు! అతని యెదుట వ్యవహారము జరుగవలెను, అతడు చూడవలెను, అంతియ కావలసినది.

అట్లయిన వల్లెవేయుట వ్యర్థమా యని పాఠశాలలలో చదివిన పెద్దలు ప్రశ్నింపవచ్చును. కాదు. లేబ్రాయమున కంఠస్థమైన అమరకోశము వార్ధకమునందును తోడువచ్చును. చెవికి, నాలుకకు, ధారణకు అది గొప్ప సాధన. కాని ఆంధ్రుడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున చెప్పినదానిని తలపవలెను. స్మృతి సంస్కారమువలన పుట్టును; సంస్కారము అనుభవమువలన పుట్టును. శబ్దమును మాత్రమే అనుభవించినవానికి శబ్దమే స్మరణకు వచ్చును; అర్థమును అనుభవించినవానికి అర్థము వచ్చును. అర్థమెఱుగక వేదము మోయువానిని యాస్కుడు నిరుక్తమున బరువు మోయు స్తంభముతో పోల్చి చూపెను. కావున వల్లె దోషము గాదు. వల్లెతో ఆగిపోవుట దోషము.

అన్నిటిని అనుభవించియే నేర్వవలెనన్నచో బిడ్డ నిప్పులో చేయి పెట్టవలెనా యని మఱియొక శంక. అక్కఱలేదు. ఆప్తవాక్యము గూడ ప్రమాణమే. అయినను వేడిపాత్రను దూరమునుండియైనను తాకి చూచిన బిడ్డకే "కాలును" అను తల్లిమాట అర్థవంతమగును. చిన్న యనుభవము పునాది. పెద్దల మాట దానిపై లేచు గోడ.

ఈ సత్యమును ఉత్తరాంధ్రమున ఆచరణలో చూపినవాడు గిడుగు వేంకట రామమూర్తి. 1863లో శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, కొండలలోని సవరల దుస్థితి చూచి, వారి భాషను వారివద్దనే నేర్చెను. సవర బిడ్డలకు సవర భాషలోనే వాచకములు వ్రాసి, సొంత వ్యయముతో బడులు నడపెను. తెలియని భాషలో చెప్పు పాఠము బిడ్డ యనుభవమును తాకదని ఆయన గ్రహించెను. 1931లో ఆయన సవర వ్యాకరణము, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువు వెలువడినవి. వ్యావహారిక భాషావాదమున ఆయనతో విభేదించిన గ్రాంథికవాదులు సైతము ఈ సేవకు చేయెత్తి మ్రొక్కవలసినదే. సాధ్యమైనంతవరకు అయిదవ తరగతిదాక ఇంటిభాషలో బోధింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము పలుకుచున్నది. ఆయన ఆ పనిని వంద యేండ్లకు పూర్వమే చేసెను.

పశ్చిమ దేశీయులును ఈ చోటికే వచ్చిరి. బాలుడు వస్తువులతో వ్యవహరించుచు తన జ్ఞానమును తానే నిర్మించుకొనునని పియాజే చెప్పెను. ఒంటిగా చేయలేని పనిని పెద్దల చేయూతతో చేసి, పిదప దానిని తనదిగా చేసికొనునని వైగాట్‌స్కీ వివరించెను. చేతితో చేయు పనియే బుద్ధికి మార్గమన్న మాంటిస్సోరి 1939లో మద్రాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను.

ఇందులకు ధనవ్యయమేమియు లేదు. వామనగుంటల పీటపై పదునాలుగు గుంటలలో చింతపిక్కలు పంచు బాలిక లెక్కయు నేర్చును, ముందుచూపును నేర్చును. రెండు సోలలు తవ్వయని, రెండు తవ్వలు మానికయని అమ్మమ్మ బియ్యము కొలిచి చూపినచో గుణకారము కంటికి కనబడును. పూజకు పూలు కోయు పిల్లవానిని, ఈ పూవునకు ఱేకులెన్ని యని యడిగిన చాలును. కావలసినది పెద్దల ఓపిక యొక్కటే. ఈనాడు కఱవైనదియు నదియే. ప్రశ్నించు బిడ్డ చేతికి సెల్‌ఫోను నిచ్చి నోరు మూయించుట సులభము. ఆ ప్రశ్న మరల పుట్టుట సులభము గాదు.

దక్షిణామూర్తి మఱ్ఱిచెట్టు నీడను మౌనముగా కూర్చుండును. ఆయన సన్నిధిని శిష్యుల సంశయములు వారిలోనే విచ్చిపోవును. పరమగురువే మౌనముగా నెడమిచ్చుచుండ, ఏమియు తెలియని పెద్దలు బిడ్డను తొందరపెట్టనేల? వచ్చు శివరాత్రికి పుణ్యగిరి నెక్కువారు ఆ నీటిధారయొద్ద ఒక్క ఘడియ నిలుతురు గాక. బిడ్డ అడుగునదెల్ల విందురు గాక. ఆ నిలుచుటయు స్వామికి చేయు అభిషేకమే యగును.