పేరు ఉండిపోయింది, జట్టు వెళ్లిపోయింది

ఒక వస్తువుకి యజమాని మారి, ఊరు మారి, చివరికి పేరు కూడా మారిపోతే అది ఆ పాత వస్తువేనా? తర్కం చదువుకున్నవాళ్లకి ఇది చాలా పాత ప్రశ్న. నేను తర్కం చదువుకోలేదు. రెండున్నర అంగుళాల వెడల్పూ, మూడున్నర అంగుళాల పొడవూ ఉండే అట్టముక్కల వల్ల నాకీ ప్రశ్న ఎదురైంది.

అమెరికాలో ఆటగాళ్ల బొమ్మల కార్డులు అచ్చువేసి అమ్ముతారు. ముందువైపు ఫోటో, వెనుకవైపు ఆ ఆటగాడు ఏ ఏడు ఎన్ని పాయింట్లు చేశాడన్న లెక్కలు. చిన్నప్పుడు మనం అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసినట్టే అక్కడి పిల్లలు వీటిని పోగుచేస్తారు. కొందరు పెద్దయినా మానరు. సేకరించేవాళ్లలో రకాలున్నాయి. కొందరికి ఒక గొప్ప ఆటగాడి కార్డులన్నీ కావాలి. కొందరికి ధర పెరిగే కార్డులే కావాలి. ఇంకొందరు ఒకే ఒక జట్టును పట్టుకుని, ఆ జట్టు చొక్కా తొడుక్కున్న ప్రతివాడి కార్డూ వెతుకుతారు. నేను ఈ మూడో రకం. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు సియాటిల్ నగరంలో ఉన్నాను గనక ఆ ఊరి బాస్కెట్‌బాల్ జట్టు సూపర్‌సానిక్స్‌ను ఎంచుకున్నాను.

జట్టు పేరున సేకరించడంలో ఒక ధర్మం ఉంది. ఆల్బంలో ఒక్కో ప్లాస్టిక్ రేకుకి తొమ్మిది అరలుంటాయి. గ్యారీ పేటన్ లాంటి మహా ఆటగాడికీ ఒక అరే, ఏడాదంతా బెంచీ మీద కూర్చుని లేచిపోయినవాడికీ ఒక అరే. బజారు ధర ప్రకారం వాళ్లిద్దరికీ పోలికే లేదు. ఆల్బంలో మాత్రం ఇద్దరూ ఇరుగుపొరుగు. 1980-81లో టాప్స్ కంపెనీ ఒకే కార్డులో ముగ్గురు ఆటగాళ్లని వేసి, మధ్యలో చింపుకోవడానికి వీలుగా చిల్లులు పెట్టింది. నా జట్టువాడు ఒకడుంటే పక్కన పరాయి జట్లవాళ్లు ఉండవచ్చు. చింపితే విలువ పోతుంది. చింపకపోతే పరాయివాళ్లని కూడా ఇంట్లో పెట్టుకోవాలి. నేను చింపలేదు. మనవాడి కోసం పక్కవాణ్ణి చింపనక్కర్లేదని ఆ కార్డు చూసినప్పుడల్లా అనుకుంటాను.

ఇక ఆ జట్టు కథ. 1967లో పుట్టింది. ధ్వని కంటే వేగంగా ఎగిరే ప్రయాణికుల విమానాన్ని సియాటిల్‌లో బోయింగ్ కంపెనీ తయారుచేయబోతోందని, ఆ సంబరంలో జట్టుకి సూపర్‌సానిక్స్ అని పేరు పెట్టారు. 1971లో ప్రభుత్వం డబ్బు ఆపేసింది. ఆ విమానం ఎగరనే లేదు. పుట్టని విమానం పేరు ఆడుతున్న జట్టుకి మిగిలిపోయింది. దేన్ని చూసి పేరు పెట్టారో అది లేకుండా కూడా పేరు బతకగలదని ఆ జట్టు మొదట్లోనే చూపించింది. 1979లో వాషింగ్టన్ బుల్లెట్స్‌ను ఓడించి ఎన్‌బీఏ విజేత అయింది. 1996లో మళ్లీ ఫైనల్ దాకా వచ్చి, మైకేల్ జోర్డన్ ఉన్న షికాగో బుల్స్ చేతిలో 4-2 తేడాతో ఓడింది. అప్పటి ఇద్దరు ప్రధాన ఆటగాళ్లు షాన్ కెంప్, పేటన్‌ల తొలి కార్డులు 1990-91లో వచ్చాయి. అవి విపరీతంగా అచ్చయినందువల్ల మామూలు ప్రతులు ఇవాళ్టికీ చవకే. నాకు అవే ఎక్కువ ఇష్టం.

2006లో జట్టును 35 కోట్ల డాలర్లకి ఓక్లహామాకు చెందిన వ్యాపారవేత్తల బృందానికి అమ్మేశారు. కొత్త స్టేడియం కావాలన్న పేచీ అప్పటికే నడుస్తోంది. అదే ఏడాది నవంబరులో సియాటిల్ ఓటర్లు నూటికి 74 మంది, నగరానికి తగిన ఆదాయం తిరిగి రాకపోతే క్రీడాజట్ల కోసం ప్రజాధనం ఖర్చుపెట్టకూడదని తీర్పిచ్చారు. 2008లో వ్యవహారం కోర్టు దాకా వెళ్లి రాజీతో ముగిసింది. కొత్త యజమానులు నగరానికి 4.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆటగాళ్లూ ఒప్పందాలూ ఓక్లహామా సిటీకి వెళ్లాయి. సూపర్‌సానిక్స్ అన్న పేరూ, ఆకుపచ్చ, పసుపు రంగులూ ఎప్పటికైనా సియాటిల్‌కి వచ్చే జట్టు కోసం ఉండిపోయాయి. అక్కడ జట్టుకి థండర్ అని పేరు పెట్టారు. అంతకుముందు ఒక్క ఏడాదే సియాటిల్ తరఫున ఆడిన కెవిన్ డ్యురాంట్ కూడా వాళ్లతో వెళ్లిపోయాడు. అతని తొలి ఏడాది కార్డు మీద సియాటిల్ చొక్కా ఉంది. నా ఆల్బం ఆ ఏటితో ఆగిపోయింది.

ఆగిపోవడం న్యాయమేనా అన్నది నన్ను వదలని ప్రశ్న. 2025 జూన్‌లో థండర్ ఎన్‌బీఏ విజేత అయినప్పుడు, ఓక్లహామాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామా, మన జట్టు మళ్లీ గెలిచింది. నీ ఆల్బంలో రెండో కప్పు కూడా చేర్చుకో."

వాడి మాటలో తప్పు లేదు. చట్టప్రకారం అది అదే సంస్థ. ఎన్‌బీఏ లెక్కల్లో 1979 గెలుపూ, 2025 గెలుపూ ఒకే వరసలో ఉంటాయి. కాని నా చేయి ఆ కార్డుల మీదికి పోలేదు. ఎందుకని?

చట్టం సంగతే మొదట చూద్దాం. యజమాని దగ్గర ఏముందో అదే అమ్మగలడు. ఒప్పందాలు అతనివి, అమ్మాడు. గెలిచిన రాత్రి వీధుల్లోకి వచ్చిన జనం సంతోషం అతనిది కాదు. తనది కానిదాన్ని ఎవరు అమ్మినా ఆ అమ్మకం చెల్లదు కదా!

పోనీ, ఊరే జట్టు అందామా? ఆడినవాళ్లలో ఆ ఊళ్లో పుట్టినవాళ్లు బహు కొద్దిమంది. పేటన్‌ది ఓక్‌లాండ్, లెనీ విల్కెన్స్‌ది బ్రూక్లిన్. పైగా డబ్బు ఇవ్వమని చెప్పినవాళ్లు ఆ ఊరివాళ్లే. అందుకని వాళ్లది ద్రోహం అనే మిత్రులున్నారు. నేను ఒప్పుకోను. ప్రేమించినదాని కోసం అడిగినంతా ఇచ్చి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఆ మాట అడిగేది ప్రేమ కాదు, బేరం.

ఆటగాళ్లే జట్టు అందామా? పేటన్‌నే 2003లో మిల్వాకీకి ఇచ్చేశారు. డ్యురాంట్ 2016లో ఓక్లహామాని కూడా వదిలి గోల్డెన్ స్టేట్‌కి వెళ్లాడు. ఆటగాళ్ల వెంట పోతే ఆల్బం ప్రతి ఏడూ ఊరు మారాలి.

చివరికి నాకు తోచింది ఇది. ఒక ఊరికీ, కొందరు ఆటగాళ్లకీ మధ్య 41 ఏళ్లపాటు ఒక సంగతి జరిగింది. నా విశ్వాసం ఆ జరిగినదానికి. జరిగినదాన్ని లారీలో ఎక్కించి తీసుకుపోలేరు. అదే న్యాయం అవతలివాళ్లకీ వర్తిస్తుంది. ఓక్లహామా సిటీలో 2008 తరవాత పుట్టిన పిల్లవాడు మన దగ్గర ఏమీ దొంగిలించలేదు. వాడికి 2025 కప్పు రెండోది కాదు, అచ్చంగా మొదటిది. అది వాడి ఆల్బం. అందులో నా వాటా అడగడం అత్యాశ, దాన్ని తిట్టడం అసూయ. మా మేనల్లుడికి కూడా ఈ మాటే చెప్పాను. "అయితే నాకు వేరే ఆల్బం కొనిపెట్టు మామా" అన్నాడు. కొనిపెట్టాను.

ఈ పత్రిక పాఠకులకి ఇదంతా మరీ పరాయి గొడవగా తోచదనుకుంటాను. 1953 అక్టోబరులో మా తాతగారు బళ్లారిలో ఉన్న ఇంట్లోనే ఉండగా మద్రాసు రాష్ట్రం పోయి మైసూరు రాష్ట్రం వచ్చింది. బరంపురంవాళ్లకి 1936లోనే ఇలాంటి అనుభవం అయింది. అక్కడ జట్టు కదిలింది, మన దగ్గర సరిహద్దు కదిలింది. ఈ పోలికని ఎక్కువ దూరం లాగకూడదు. జట్టు ఒక వ్యాపారం, భాష వ్యాపారం కాదు. కాని దస్తావేజులో పేరు మారినంత మాత్రాన మనకి ఏది తనదో ఏది పరాయిదో తేలిపోదని మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. ఆంధ్రలో జరిగే ప్రతి సంబరంలోనూ మనకి వాటా ఉండాలని పట్టుబట్టనవసరం లేదు. వాటా లేదని మన ఇంట్లో ఉన్న తెలుగును తక్కువ చేసుకోనవసరమూ లేదు.

ఇంకొక్క మాట. సూపర్‌సానిక్స్‌ను కొన్నవాళ్ల చేతికి అప్పుడే సియాటిల్ మహిళల జట్టు స్టార్మ్ కూడా వచ్చింది. 2008లో ఆ ఊరికే చెందిన నలుగురు స్త్రీలు కోటి డాలర్లు ఇచ్చి దాన్ని కొనుక్కుని, ఊరు దాటిపోకుండా నిలబెట్టారు. ఆ జట్టు 2004లో ఒకసారి గెలిచింది, తరవాత 2010, 2018, 2020లలోనూ గెలిచింది. స్యూ బర్డ్ అనే ఆటగత్తె 2002 నుంచి 2022లో విరమించేదాకా అమెరికా మహిళల లీగులో ఆ ఒక్క జట్టుకే ఆడింది. పాత ఆటస్థలాన్ని కూడా, వెనకటి పైకప్పును ఎత్తిపట్టి ఉంచి, కింద తవ్వి కొత్తగా కట్టి 2021లో తెరిచారు. స్టార్మ్ అక్కడే ఆడుతోంది.

పోయినదానికోసం బెంగపెట్టుకోవడం సులువు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి ఖర్చవుతుంది, ఓపికా కావాలి. విశ్వాసానికి అసలు పరీక్ష రెండోదే. నా ఆల్బంలో 2008 తరవాత ఖాళీగా ఉన్న అరల్లో ఇప్పుడు స్టార్మ్ కార్డులు పెడుతున్నాను. బజారులో వాటికి ధర తక్కువే పలుకుతుంది. సంచికకో నలుగురైనా కొత్త పిల్లలు తెలుగులో రాస్తే అచ్చువేసే ఈ పత్రికకి కూడా బజారులో ధర తక్కువే కదా!