మౌనం మోసమా?



ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో విచారణ గురువు దగ్గరకు సలహా కోసం వచ్చే తల్లిదండ్రులు ఒకప్పుడు అడిగేవి రెండు మూడు ప్రశ్నలే. ఇంజినీరింగా, మెడిసినా? అంత స్తోమతు లేకపోతే టీచర్ ట్రైనింగా, నర్సింగా? ఈ మధ్య మరో ప్రశ్న వినిపిస్తోంది. "ఫాదర్, మావాడు కామర్సూ లా కలిపి చదువుతానంటున్నాడు. ఐదేళ్ళట. చేర్పించమంటారా?" అని అడుగుతారు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, అసలు మనసులో ఉన్నది బయటపెడతారు. "వ్యాపారం వాళ్ళ అబద్ధాలు ఒక పక్క, ప్లీడర్ల అబద్ధాలు ఒక పక్క. రెండూ నేర్చుకున్నవాడు ఏమైపోతాడో?"

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. లోగడ మూడేళ్ళు డిగ్రీ చదివి, తర్వాత మూడేళ్ళు లా చదివేవారు. మొత్తం ఆరేళ్ళు. ఇంటర్ కాగానే చేరి, రెండు డిగ్రీలూ ఐదేళ్ళలో ముగించే పద్ధతికి 1988లో బెంగళూరు నేషనల్ లా స్కూలులో మొదటి జట్టు చేరినప్పటి నుండి పేరొచ్చింది. మన హైదరాబాదులో నల్సార్ 1998లో వచ్చింది. మొదట బి.ఏ.తో కలిపిన లా డిగ్రీయే ఎక్కువగా ఉండేది. తర్వాత బి.కాం., బి.బి.ఎ.లతో కలిపినవీ వచ్చాయి. క్లాట్ రాసి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు వెళ్ళేవారున్నారు, లాసెట్ రాసి మన రాష్ట్రాల కళాశాలల్లో చేరేవారున్నారు. ఒక ఏడాది కలిసివస్తుంది. అయితే అది తేలిక చదువేమీ కాదు. ఉదయం జమాఖర్చులూ కాస్టింగూ ఆదాయపు పన్నూ చదివిన బుర్రతోనే మధ్యాహ్నం రాజ్యాంగం, ఒప్పందాల చట్టం, నేరాల చట్టం చదవాలి. లెక్కలంటే భయపడే పిల్లవాణ్ణి, పుస్తకం తెరవగానే నిద్రపోయే పిల్లవాణ్ణి ఇందులో చేర్పించవద్దని నిర్మొహమాటంగా చెబుతాను.

రెండో ప్రశ్నకు మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పలేం. అందుకే ఈ వారం ఈ శీర్షికను దానికే కేటాయిస్తున్నాను.

ఈ చదువులో ఒక విచిత్రం ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టాన్ని విద్యార్థి రెండుసార్లు చదువుతాడు. కామర్సు వైపు బిజినెస్ లా అనే పేరుతో ఒకసారి, లా వైపు కాంట్రాక్ట్స్ అనే పేరుతో మరోసారి. అందులో 17వ సెక్షను మోసం అంటే ఏమిటో చెబుతుంది. దాని కింద చట్టం రాసినవారు కొన్ని ఉదాహరణలు ఇచ్చారు. నూటయాభై ఏళ్ళు దాటినా అవి అలాగే ఉన్నాయి. ఒక మనిషి జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానికి జబ్బని అతనికి తెలుసు. కొనేవాడితో ఏమీ అనడు. ఇది మోసం కాదు అంటుంది చట్టం. అడిగినప్పుడు అబద్ధం చెబితే మోసం, ఊరుకుంటే కాదు. వెంటనే రెండో ఉదాహరణ వస్తుంది. కొనేది అతని సొంత కూతురే, అప్పుడే మేజరయింది. అప్పుడు ఆ బంధుత్వాన్ని బట్టి గుర్రం సంగతి చెప్పడం అతని బాధ్యత అవుతుంది. చివరి ఉదాహరణ ఇద్దరు వర్తకులది. ధరలు మారబోతున్నాయని ఒకడికి లోపాయికారీగా తెలిసింది. ఆ సంగతి తెలిస్తే రెండోవాడు బేరానికి ఒప్పుకోకపోవచ్చు. అయినా చెప్పవలసిన పని లేదు.

కామర్సు తరగతిలో కూర్చున్న కుర్రవాడికి ఈ చివరి ఉదాహరణ తీపిగా ఉంటుంది. సమాచారమే పెట్టుబడి, దాన్ని ఉచితంగా ఎందుకు పంచాలి అనుకుంటాడు. లా తరగతిలో అదే సెక్షను చదివినప్పుడు అతని కళ్ళు రెండో ఉదాహరణ మీద ఆగితే బాగుండునని నా ఆశ. గుర్రం ఒకటే, జబ్బు ఒకటే, మౌనమూ ఒకటే. కొనేది కూతురు కాబట్టి ఆ మౌనం తప్పయింది. అంటే ఎదుటి మనిషి మనకు ఏమవుతాడన్న దాన్ని బట్టి మన నోరు తెరుచుకోవాలా, మూసుకోవాలా అన్నది తేలుతుందని చట్టమే ఒప్పుకుంటోంది.

ఈ తగాదా చాలా పాతది. క్రీస్తుకు పూర్వం 44లో రోమన్ న్యాయవాది సిసెరో తన కుమారుడి కోసం విధులను గురించి ఒక గ్రంథం రాశాడు. మూడో భాగంలో ఒక ధాన్యం వర్తకుడి ప్రస్తావన వస్తుంది. రోడ్సు ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుండి ఓడ నిండా ధాన్యంతో ఒక వర్తకుడు అక్కడికి చేరాడు. వెనక మరికొన్ని ధాన్యపు ఓడలు వస్తున్నాయని అతనొక్కడికే తెలుసు. ఆ సంగతి చెబితే ధర పడిపోతుంది. చెప్పకపోతే ఆకలితో ఉన్నవారు ఎంతకైనా కొంటారు. చెప్పాలా, వద్దా? సరుకులో లోపాలుంటే చట్టం చెప్పమన్న మేరకు చెప్పాలి గాని, తెలిసినదంతా చెప్పనక్కరలేదని డయోజనీసు అనే తత్త్వవేత్త వాదం. సంఘంలో పుట్టిన మనిషి తోటివారికి అవసరమైనది దాచకూడదని ఆయన శిష్యుడు యాంటిపాటరు వాదం. సిసెరో శిష్యుడి పక్షాన్నే నిలిచాడు. అంత పేరున్న న్యాయవాది ఇలా తీర్పు చెప్పడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

పదమూడో శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు వారు ఇదే ప్రశ్నను మళ్ళీ ఎత్తుకున్నారు. ఆయన జవాబు చాలామంది ఊహించేటంత కఠినంగా ఉండదు. సరుకులో దాగిన లోపం కొనేవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చేదైతే అమ్మేవాడు చెప్పి తీరాలి. కుంటి గుర్రాన్ని పరుగు గుర్రమని, కూలబోయే ఇంటిని గట్టి ఇల్లని అమ్మకూడదు. గుర్రానికి ఒక కన్నే ఉంటే అది అందరికీ కనబడేదే, దానికి తగ్గట్టు ధర తగ్గిస్తే చాలు, చాటింపు వేయనక్కరలేదు. మరి ధాన్యం వర్తకుడి మాట? ఓడలు రావడం రేపటి విషయం. ఇవాళ మార్కెట్లో ఉన్న ధరకు అమ్మినవాడు న్యాయం తప్పినట్టు కాదు. కాని ఆ సంగతి చెప్పినా, ధర తగ్గించినా అది మరింత ఉత్తమమైన పని అవుతుంది. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ జవాబు నాకు గోడమీద పిల్లివాటంగా తోచేది. వయసు పెరిగేకొద్దీ అందులోని లోతు తెలుస్తోంది. న్యాయం ప్రకారం ఎదుటివాడికి రావలసిన బాకీ వేరు, సద్గుణం మన నుండి కోరేది వేరు అని ఆయన విడదీశారు. రెంటినీ ఒకటి చేస్తే బజారులో ప్రతివాడూ దొంగ అనిపించుకుంటాడు. రెండోదాన్ని పూర్తిగా వదిలేస్తే కరువులో ఆకలి కూడా మంచి గిరాకీ అనిపించుకుంటుంది.

మన నేలమీదికి వద్దాం. గుంటూరు మిర్చి యార్డులో ధర పెరిగిందన్న కబురు ముందుగా అందుకున్న వ్యాపారి, పొద్దున్నే పల్లెకు వెళ్ళి కళ్ళంలోనే పాత ధరకు సరుకు కొన్నాడనుకోండి. ఇది 17వ సెక్షను చివరి ఉదాహరణ కిందికే వస్తుందని కుర్ర ప్లీడరు వాదించవచ్చు. ఒక్క మాట మరచిపోకూడదు. అక్కడ చట్టం ఇద్దరినీ వర్తకులన్నది. ఇద్దరికీ బజారు తెలుసు, ఇద్దరికీ వాకబు చేసుకునే దారులున్నాయి. అప్పు తెచ్చి పంట పండించి, వర్షం వస్తుందేమోనని ఆకాశం చూస్తూ కూర్చున్న రైతు అతనికి సమ ఉజ్జీయా? నేడు రైతు చేతిలోనూ సెల్‌ఫోను ఉంది, 2016లో మొదలైన ఈనామ్ ద్వారా ధరలు తెలుసుకునే వీలుంది, నిజమే. కాని ధర తెలిసినంత మాత్రాన అప్పిచ్చిన వ్యాపారిని కాదని సరుకు మరొకచోటికి తీసుకుపోగలడా? లెక్కల పుస్తకంలో ఆ బేరం లాభంగా కనబడుతుంది. న్యాయశాస్త్రంలో తప్పు కాకుండా పోతుంది. రెండు డిగ్రీలూ ఉన్నవాడు ఆ రెంటి నడుమ నిలబడి ఏమనుకుంటాడన్నదే మన ప్రశ్న.

చట్టం ఒక్కచోట ఆగిపోయిందని కూడా అనుకోవద్దు. స్థిరాస్తి విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను మౌనాన్ని ఒప్పుకోదు. మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో గాని హక్కులో గాని ఉందని తెలిస్తే అమ్మేవాడు చెప్పి తీరాలి. షేర్ల బజారులో కంపెనీ లోపలి కబురు ముందుగా తెలుసుకుని కొనడం, అమ్మడం 1992 నుండి సెబీ నిబంధనల కింద నిషేధం. 2009 జనవరిలో హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు కంపెనీ లెక్కల్లో లేని సొమ్మును ఉన్నట్టు చూపామని స్వయంగా లేఖ రాశాడు. ఆ కంపెనీ చుట్టూ పెద్ద చదువులు చదివినవారికి కొదవ లేదు. తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, నిర్ణీత మొత్తానికి మించిన మోసం జరుగుతోందని నమ్మడానికి కారణం కనబడితే ఆడిటరు కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలని శాసించింది. ఒకప్పుడు ఊరుకుంటే సరిపోయిన చోట ఇప్పుడు ఊరుకోవడమే తప్పయింది. చట్టం ఇలా మారుతూ వచ్చిందంటే, మారకముందే ఎక్కడో కొందరి మనస్సాక్షి నొచ్చుకుని ఉండాలి గదా.

మరొక చిక్కు చూడండి. ఆడిటరును మాట్లాడమన్న దేశమే వకీలును మాట్లాడవద్దంటుంది. కక్షిదారు చెప్పుకున్న సంగతి అతని అనుమతి లేకుండా న్యాయవాది బయటపెట్టరాదని పాత సాక్ష్య చట్టం 126వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షనులోనూ ఉంది. చట్టవిరుద్ధమైన పని కోసం చెప్పిన మాటకు, పని ఒప్పుకున్న తర్వాత తాను గమనించిన నేరానికీ మోసానికీ ఈ రక్షణ లేదు. అంటే ఈ విద్యార్థి ఐదేళ్ళలో రెండు రకాల నోళ్ళు నేర్చుకోవాలి. రహస్యం దాచవలసిన మౌనం ఎలాంటిదో మా గురువులకు కొంత తెలుసు. అది మనిషిని కాపాడటానికి. జేబు నింపుకునే మౌనాన్ని దానితో కలపకూడదు.

ఇక ఈ రెండు చదువులనూ విశ్వవిద్యాలయం జత చేసింది గాని, వృత్తి మాత్రం గట్టిగానే విడదీసింది. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. న్యాయవాదిగా పేరు నమోదు చేసుకున్నవాడు స్వయంగా వ్యాపారం నడపరాదని బార్ కౌన్సిల్ నియమం. కేసు గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోరాదు. కోటు కుట్టిన దర్జీ, అరువు ఒప్పుకోకపోతే, డబ్బు ఇచ్చేదాకా కోటును తన దగ్గరే ఉంచుకోవచ్చునని ఒప్పందాల చట్టం చెబుతుంది. అదే హక్కుతో ఫీజు బాకీ ఉన్న కక్షిదారు కాగితాలను ఒక న్యాయవాది అట్టిపెట్టుకుంటే, అవి సరుకు కావు పొమ్మని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాగితాలు లేకపోతే ఆ మనిషి మరో వకీలు దగ్గరికి ఎలా వెళ్తాడు? దర్జీకి ఉన్న హక్కు వకీలుకు లేకపోవడం అన్యాయమని మీకు తోచవచ్చు. నాకైతే ఆ తీర్పు చాలా నచ్చింది. ఒక పనిలో ఎదుటివాడు ఖాతాదారు, మరో పనిలో ఆశ్రయం కోరి వచ్చినవాడు.

పునీత లూకా సువార్త పదో అధ్యాయంలో ధర్మశాస్త్ర బోధకుడొకడు పొరుగువాడు అనే మాటకు నిర్వచనం అడుగుతాడు. లా చదివినవాడు అడగవలసిన ప్రశ్నే అది. బాధ్యత ఎంతమేరకో తేలాలంటే ముందు నిర్వచనం కావాలి గదా. వచ్చిన జవాబులో మాత్రం నిర్వచనం లేదు. దారి పక్కన పడి ఉన్న మనిషి ఉన్నాడు, సత్రం వాడికి ముట్టజెప్పిన ఖర్చు ఉంది. 17వ సెక్షనులోని కూతురు ఎవరు అన్న ప్రశ్న దీనికి మరీ దూరమైనదేమీ కాదు.

కాబట్టి, మీ అబ్బాయిని గాని అమ్మాయిని గాని ఈ కోర్సులో చేర్పించవద్దని నేను చెప్పను. చేర్పించండి. ఏ పనికి ఎంత ఖర్చవుతుందో తెలియని నీతిమంతుడు, ఎవరికి ఏం బాకీ ఉన్నామో తెలియని లెక్కలవాడు, ఇద్దరూ మన సంఘాల్లో, సొసైటీల్లో చేసిన నష్టం మనకు తెలియనిది కాదు. అయితే అబద్ధాలు నేర్చుకుంటాడేమోనన్న భయంతో మరో భయాన్ని మరచిపోకండి. రెండో సంవత్సరం సెలవులకు పిల్లవాడు ఇంటికొస్తాడు. అప్పుడే మీరు ఊరి బయటి స్థలం అమ్మకానికి పెట్టి ఉంటారు. అందులోని బోరు మాఘమాసంలో బాగానే పోస్తుంది, చైత్రం దాటితే ఎండిపోతుంది. కొనేవారు సంక్రాంతి వెళ్ళగానే వచ్చి నీళ్ళు చూసుకుని సంతోషపడ్డారు. బేరం కుదిరింది, బయానా ఇవ్వబోతున్నారు. మీ అబ్బాయి మిమ్మల్ని పక్కకు పిలిచి, "నాన్నా, బోరు సంగతి వాళ్ళకు చెప్పాలి" అంటాడు. చెబితే ధర లక్షల్లో తగ్గుతుంది. ఆ డబ్బు అతని మూడో సంవత్సరం ఫీజుకని మీరు అనుకున్నదే. కొనేవారు కుర్చీల్లో కూర్చుని ఉంటారు, అమ్మ కాఫీ తెస్తూ ఉంటుంది. వాడు మీ మొహం వంకే చూస్తూ నిలబడతాడు.