నాకొక్కడికే వినిపించే హోరు

నా చెవిలో హోరు నాకు తప్ప ఎవరికీ వినిపించదు. ఇల్లు సద్దుమణిగాక మరీ ఎక్కువవుతుంది. డాక్టర్లు దీన్ని టినిటస్ అంటారు. దీని గురించి ఎవరితోనూ మాట్లాడకపోవడానికి నాకు నేను చెప్పుకున్న కారణం, నా బాధ ఇతరుల మీద ఎందుకు రుద్దాలి అని. మర్యాదగానే ఉంది. కానీ లోపలికి తొంగిచూస్తే అక్కడున్నది అహంకారం. చెవుడు వచ్చినవాళ్ల జాబితాలో నన్నూ చేరుస్తారేమోనన్న బెరుకు. చెప్పింది మళ్లీ చెప్పమంటే చెవిటిమేళం అని నవ్వే మనుషుల మధ్య పెరిగాను. ఆ నవ్వుల్లో నా గొంతూ కలిసేది.

మందు వచ్చిందా అని మాత్రం రాత్రిళ్లు ఫోన్లో వెతుకుతూనే ఉంటాను. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే రోమకణాలు పక్షుల్లో నశించినా మళ్లీ పుడతాయట. మనకు పోయినవి పోయినట్టే. ఇలాంటివి చదివి, ఎవరో ఎక్కడో పనిచేస్తున్నారులే అని నిశ్చింతపడేవాణ్ణి. వాళ్లకు కావలసిన సమాచారం ఎవరిస్తారు? ఆడియోగ్రామ్ వినికిడి ఎంత తగ్గిందో చెబుతుంది. ఈ హోరు నిద్రను ఎంత తింటోందో చెప్పదు. అది బాధపడేవాడు నోరు విప్పితేనే తెలుస్తుంది. నా గుట్టు అనుకుని నేను దాచుకున్నదే పరిశోధనకు కావలసిన సాక్ష్యం.

బ్రిటన్ ఎంపీ జాక్ యాష్లీకి 1967లో చెవి ఆపరేషన్ తర్వాత వినికిడి పూర్తిగా పోయింది. ఆయన పార్లమెంటును వదల్లేదు. 1979లో అక్కడ టినిటస్ బాధితుల సంఘం పుట్టడానికి సాయపడ్డాడు. 2012లో ఆ సంఘం కూడా పాలుపంచుకున్న ఒక ప్రయత్నంలో, రోగులూ వైద్యులూ కలిసి కూర్చుని పరిశోధకులు ముందుగా జవాబు వెతకాల్సిన పది ప్రశ్నలు తేల్చారు. చదువుతుంటే గౌరవం కలిగింది. వెంటనే, మన దగ్గర ఇలాంటివి నాకెందుకు కనిపించవని కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరి మీద? ఈఎన్‌టీ డాక్టరు గది బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాళ్లను, మీకూ ఇదేనా అండీ అని నేను ఏనాడూ అడగలేదు.

మందు ప్రయోగంలో చేరితే ఎలా ఉంటుందని ఆలోచించినప్పుడు మనసు మొదట అడిగింది, పోలిక కోసం కొందరికి ఇచ్చే ఉత్తుత్తి బిళ్ల నాకే వస్తే? అంటే నేను ఇవ్వడానికి కాదు, తీసుకోవడానికే బయల్దేరాను. బాధలో ఉన్నవాడు ఉపశమనం కోరడం తప్పని ఇప్పటికీ అనుకోను. అయితే అందరూ అసలు మందే కావాలంటే, అది పనిచేస్తుందో లేదో ఎలా తేలుతుంది? మీకూ ఏదో ఒక జబ్బు విషయంలో ఈ లెక్క ఎదురయ్యే ఉంటుంది.

మందు ప్రయోగం కాక ఇవ్వగలిగింది ఇంకొకటుంది. లోపలి చెవి చాలా గట్టి ఎముకలో దాగి ఉంటుంది. బతికున్న మనిషి నుంచి ముక్క తీసి పరీక్షించలేరు. అందుకే అమెరికాలో, మరణానంతరం ఆ ఎముకను పరిశోధనకు ఇస్తామని ముందే నమోదు చేసుకునే ఏర్పాటు ఉంది. బతికున్నప్పటి వినికిడి పరీక్షలు కూడా తోడైతే ఆ ఎముక విలువ పెరుగుతుంది. ఇక్కడ ఇచ్చేవాడికి తిరిగి వచ్చేదేమీ లేదు. నా ఆడియోగ్రాములన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించాను. ఎముక సంగతి మాత్రం ఇంకా నోటి దాకా రాలేదు. నన్ను ఆపుతున్నది చావు భయమా, ప్రతిఫలం లేనిచోట చెయ్యి రాకపోవడమా, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.