బిడ్డ పళ్లెములోని ప్రసాదము

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన భక్తుల కథలలో బెజ్జమహాదేవి కథ తల్లులందరును వినదగినది. శివునకు ఎందరున్నను తల్లి మాత్రము లేదని ఆ యమ్మ తలపోసెను. తల్లియే యున్నచో కొడుకును విషము త్రాగనిచ్చునా, తోళ్లు కట్టనిచ్చునా, భిక్షమెత్తనిచ్చునా యని వగచెను. తుదకు తానే తల్లియై స్వామిని ఒడిలోనికి తీసికొని, నలుగుపెట్టి, నీళ్లుపోసి, వెన్నయు పాలును తినిపించి పెంచెను. బిడ్డ ఏమి తినెనో, ఏల తినలేదో కనిపెట్టుటయే ఆమెకు పూజ.

లింగధారుల ఇండ్లలో మాంసము వండరు. బసవేశ్వరుడు ధర్మమునకు దయను పునాదిగా నిలిపెను గనుక ఈ నియమము తరతరములుగా వచ్చుచున్నది. అది నిలువవలసినదే. అయితే ఏది తినరాదో చెప్పుటతో తమ బాధ్యత తీరినదని తలచు గృహములును గలవు. అచ్చట బిడ్డ పళ్లెమున తెల్లని పాలిషు బియ్యపు అన్నము, నీళ్లచారు, ఇంత ఊరగాయ. అది శాకాహారమే గాని ఎదుగు శరీరమునకు చాలిన ఆహారము కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. వీరిలో మాంసము తిను ఇండ్ల బిడ్డలును ఉన్నారు. కనుక దోషము శాకాహారమునది కాదు. అట్లని మన వంటిండ్లకు దానితో పని లేదనుకొనుటయు తగదు.

ఇష్టలింగమునకు అర్పించి స్వీకరించునదే ప్రసాదము. అష్టావరణములలో అదియు నొకటి. లింగమును ధరించు దేహమునకు బలమీయని దానిని అర్పించి, శుచిగా వండితిమని తృప్తిపడుట సగము అర్పణమే యగును.

పెద్ద ఖర్చుతో పని లేదు. బియ్యములో కొరవడిన మాంసకృత్తుల అంశము పప్పులో గలదు, పప్పులో కొరవడినది బియ్యములో గలదు; అందువలన ముద్దపప్పన్నము పేదవాని ఇంటనైనను పుష్టికర భోజనమే. పప్పు నీళ్లలో తేలుచుండరాదు, చేతికి తగులవలెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. బియ్యములో దానికి ముప్పదవ వంతైనను లేదు. జొన్నరొట్టె, తోటకూర, మునగాకు, ఉలవలు, నువ్వులుండ మన పల్లెలకు క్రొత్తవి కావు. ఆకుకూరలలోని ఇనుము ఒంటికి పట్టుటకు నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో తోడు కావలెను. భోజనము ముగియగానే పిల్లలకు టీ ఇచ్చు అలవాటు ఆ మేలును చెరచును. చిన్న కడుపు ఒక్కసారి ఎక్కువ పట్టదు గనుక దినమునకు నాలుగైదు మార్లు పెట్టి, ముద్దలో నేయియో నూనెయో కలుపవలెను.

పాల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. రక్తమునకును నరములకును అవసరమైన బి-12 విటమిను మొక్కల ఆహారములో నమ్మదగినంత దొరకదు. శాకాహారపు బిడ్డకు అది పాలు, పెరుగుల వలననే రావలెను. పాడి యున్న ఇంటనే పాలన్నియు కేంద్రమునకు పోసి, బిడ్డకు నీళ్లమజ్జిగ పోయుట కనబడుచున్నది. అందులోను మిగిలిన గ్లాసెడు పాలు కొడుకునకే. లింగధారణమున ఆడుబిడ్డకును మగబిడ్డకును భేదము లేదు గదా, పాలగ్లాసు వద్ద భేదమేల వచ్చినది? రజస్వలయైన బాలికకు అన్నకంటె ఇనుము ఎక్కువ కావలెను. ఆమెకేమో అందరును తినిన పిదప అడుగంటినది మిగులును.

ప్రసాదమును పారవేయరాదను నియమము పేరిట గుట్టగా వడ్డించి, బెదరించి మ్రింగించు పెద్దలు గలరు. కొంచెము కొంచెముగా వడ్డించినచో నియమమును దక్కును, బిడ్డయు ఏడువదు. అయినను తిననిచో మొండితనమని కొట్టక, కడుపులో నులిపురుగులున్నవేమో, పన్ను నొచ్చుచున్నదేమో చూపించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయింపవలెను. శివుడు పాలు త్రాగనినాడు బెజ్జమహాదేవి కోపించలేదు. గొంతున అంగిటిముల్లు లేచినదని తల్లడిల్లినది.