బడిని ఖాళీ చేసినదెవరు?



మీ ఊరి సర్కారు బడిలో ఇప్పుడు ఎంతమంది పిల్లలున్నారో చెప్పగలరా? మొన్న ఆదివారం పూజ అయ్యాక గుడి బయట ఇద్దరు ముగ్గురిని ఇదే అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. మన పిల్లలు అందులో లేరు గదా!

2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 117వ నంబరు జీవో ఇచ్చింది. ప్రాథమిక బడుల్లోని మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూలులో కలపాలన్నారు. అంతకు ముందు ఏడాది 250 మీటర్ల దూరంతో మొదలైన పని అది. పలు ఊళ్లలో తల్లిదండ్రులు బడి గేటు దగ్గర బైఠాయించారు. 2025లో ఆ జీవో రద్దయింది. తరగతికి ఒక టీచరు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెట్టారు. వాటిని నింపడానికీ చుట్టుపక్కల బడుల పిల్లలను ఒకచోట చేర్చవలసే వచ్చింది.

విలీనంలో మేలే లేదనడం అన్యాయం. ఒకే మాస్టారు అయిదు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టి, ఒకరికి ఎక్కాలు, ఇంకొకరికి ఒత్తులు చెబుతూ, నడుమ మధ్యాహ్న భోజనం లెక్కలు చూసుకునే బడులు మనం ఎరుగనివి కావు. హైస్కూలులో లెక్కలకు ఒకరు, ఇంగ్లీషుకు ఒకరు ఉంటారు. ఆడుకోవడానికి జోడు దొరుకుతుంది. తరగతికి ఇద్దరే ఉన్న చోట ఆ పిల్లలు ఎవరిని చూసి నేర్చుకుంటారు?

అయితే ఈ మేలుకు వెల ఎవరు కడుతున్నారు? కిలోమీటరు అన్నది కాగితం మీది కొలత. మన జిల్లాలలో ఆ కిలోమీటరు నడుమ ఒక గెడ్డ ఉండవచ్చు, లారీలు ఆగని జాతీయ రహదారి ఉండవచ్చు. తల్లిదండ్రులు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి వలస పోతే పిల్లలు ముసలివాళ్ల దగ్గర మిగులుతారు. అలాంటి ఒక మామ్మ ఆ ఏడాది నాతో, "ఈ బడయితే గుమ్మంలో నిలబడి చూసుకునేదాన్ని బాబూ, అంత దూరం నా కాళ్లు రావు" అంది. ఆమె మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్లు.

మన శ్రీకాకుళం సీమ పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల భాష నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. బడే పిల్లవాడి దగ్గరకు నడిచిందన్నమాట. తప్పిపోయిన గొర్రె ఉపమానంలోనూ నడిచింది కాపరే.

ఇక్కడ ప్రభుత్వాన్ని నాలుగు మాటలని ఊరుకోవడం సులువు. కాని బడి చిన్నబోయింది జీవో వల్లనా? అంతకు ఎన్నో ఏళ్ల ముందే వీధి చివరకు పసుపు వ్యాను రాలేదూ? నేనూ నా పిల్లలను అయిదో ఏటనే అందులో ఎక్కించాను. ఇప్పుడు మనవడు ఎక్కుతున్నాడు. తన బిడ్డ మంచి కోరడం తప్పంటే ఏ తండ్రీ ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. అయినా ఒక్కొక్కరం విడివిడిగా చేసిన ఆ మంచి పనులన్నీ కలిసి ఎవరి నెత్తిన పడ్డాయి? వ్యాను ఫీజు కట్టలేని ఇంటి మీద. పైగా మనం పిల్లలను మాత్రమే తీసుకుపోలేదు. అర్జీ రాయగలిగినవాళ్లం, మండల విద్యాధికారిని నిలదీయగలిగినవాళ్లం మనమే. ఆ నోరు కూడా వ్యాను ఎక్కి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు గేటు దగ్గర కూర్చున్న రోజున మనలో ఎంతమందిమి వెళ్లి పక్కన కూర్చున్నాం? నేను వెళ్లలేదు.

ఆ మామ్మ మనవరాలు ఇప్పుడు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని పక్క ఊరికి నడుస్తోంది. మా వ్యాను వెళ్లేదీ అదే దారి. వెనక రెండు సీట్లు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. వాటి సంగతి అడగాలని ఇన్నేళ్లలో మాకెవరికీ తోచలేదు. సోమవారం డ్రైవరుతో మాట్లాడతాను.